చెల్లోకి సెలవు, నాకు హాజరు

పొద్దున తొమ్మిదింటికి తడిగుడ్డ పిండుకుని, పద్నాలుగు మెట్లెక్కి, మేడమీది గదిలో ఉన్న ఆరు కుర్చీలు తుడవడం ఇరవై రెండేళ్ళుగా నా పని. ఆ కుర్చీల్లో ఎవరూ కూర్చునేవారు కాదు. ఎవరూ కూర్చోని కుర్చీలు రోజూ తుడవడం దేనికని మొదట్లో ఒకసారి అడిగితే, "కూర్చోరని నీకెవరు చెప్పారు?" అన్నారు మా ఆయన. ఆయన పోయి నెలన్నర అయింది. ఆయన పోయాక నేను మెట్లెక్కడం మానేశాను. తొమ్మిదయ్యేసరికి చెయ్యి దానంతటదే గుడ్డ తడిపేది. తడిపాక ఏం చెయ్యాలో తెలియక పిండి మళ్ళీ తీగ మీద ఆరేసేదాన్ని.

మా ఆయనకు ఉన్నది ఒక్కటే పిచ్చి. కంప్యూటర్లో ఉన్న వాద్యాలకు రోజూ హాజరు వేసేవారు.

ఇది కాస్త విప్పి చెప్పాలి, లేకపోతే మీకు కూడా ఆయన మామూలు మనిషిలాగే కనిపిస్తారు. ఎక్కడో ఎవరో ఒక వయొలిన్ ఆయన కూర్చుని ఒక్కొక్క స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, లాగి, తుంచి వాయిస్తాడట. ఆ ముక్కలన్నీ దాచి కంప్యూటర్లో పెట్టుకునేలా అమ్ముతారట. మా ఆయన ముందు కీబోర్డు ఉండేది. తెర మీద వయొలిన్ అన్న పేరు ఎంచుకుని మీట నొక్కితే వయొలిన్ పలికేది. ఫ్లూటు అన్న పేరు ఎంచుకుని అదే మీట నొక్కితే ఫ్లూటు పలికేది. పాటకు మనిషి గొంతు ఒక్కటుంటే చాలు, మిగతా సంగీతమంతా ఇలా పెట్టెలోంచి తీసి చేర్చవచ్చు. ఆ చేర్చడమే ఆయన వృత్తి. మా మేడమీది గదే ఆయన స్టూడియో. నలభై మంది వాయిస్తారు, టీ మాత్రం ఇద్దరికే పెట్టాలి. ఈ వృత్తిలో నాకు నచ్చింది అదొక్కటే.

డైరెక్టరు వచ్చి కూర్చోగానే ఎవరైనా పని మొదలుపెడతారు. ఈయన పొడుగాటి హాజరుపట్టీ తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, "మొదటి వయొలిన్" అని పిలిచేవారు. మీట నొక్కేవారు. కుయ్ మనేది. "హాజరు" అని గడిలో 'హా' రాసేవారు. "చెల్లో" అనేవారు. వయొలిన్‌కు పెద్దన్నలాంటి వాద్యం అది, ఎద్దు నిట్టూర్చినట్టు పలికేది. "హాజరే కానీ, ఇంకా నిద్ర మొహమే" అనేవారు. ఇలా పదిహేను మంది అయ్యేదాకా డైరెక్టరు కూర్చోవాల్సిందే.

మాకు ఎక్కువగా పాటలు ఇచ్చేవాడు ఒక డైరెక్టరు ఉన్నాడు. నేను మనసులో తొందర డైరెక్టరు అనుకుంటాను. కూర్చున్నా నడుస్తున్నట్టే ఉంటాడు.

"మాస్టారూ, వాళ్ళు ఎక్కడికి పోతారండీ. పెట్టెలోనే కదా ఉన్నారు" అనేవాడు.

"పెట్టెలో ఉన్నంతమాత్రాన పని మీద ఉన్నట్టేనా? మీరు ఈ గదిలోనే ఉన్నారు. మీ మనసు చేతి గడియారంలో ఉంది."

అలా ఆయనకు హాజరు మాస్టారు అనే పేరు పడింది. కూరల కొట్టులో నన్ను హాజరు మాస్టారి భార్య అనేవారు. తూకం వేస్తూ కొట్టువాడు, "వంకాయలు?" అని తానే పిలిచి, "హాజరు" అని తానే పలికేవాడు. వెనకున్నవాళ్ళు నవ్వేవారు. నేను సంచి పట్టుకుని వచ్చేసేదాన్ని.

ఒకసారి ఉండబట్టలేక మా ఆడపడుచు దగ్గర మొర పెట్టుకున్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు సరికదా, ముసిముసిగా నవ్వింది.

"వాడు చిన్నప్పుడు గుమ్మం బయట విడిచిన చెప్పులకు హాజరు వేసేవాడే. ఒకటి కనిపించకపోతే దానికి జబ్బు చేసిందని అన్నం మానేసేవాడు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా వదినా."

"చెప్తే నువ్వు చేసుకునేదానివా?"



కుర్చీలకు మాత్రం కారణం చెప్పేవారు. మొదటి వయొలిన్లు ఎడమ చేతి వైపు, చెల్లో కుడి వైపు, ఊదే వాద్యాలు మధ్యలో వెనకగా. "ఎవరు ఎక్కడ కూర్చున్నారో నాకు కనపడకపోతే, శబ్దాన్ని ఏ పక్కనుంచి రానివ్వను?" అనేవారు. అది పిచ్చి కాదని, పాట వినేవాళ్ళకు వాద్యం అటుపక్కనుంచో ఇటుపక్కనుంచో వినిపించాలని తొందర డైరెక్టరు కూడా ఒప్పుకున్నాడు.

"కానీ మాస్టారూ, కుర్చీ ఉందనుకుంటే సరిపోదా?"

"అనుకున్న కుర్చీకి దుమ్ము పట్టదండీ."

దుమ్ము పట్టడం ఎందుకు అవసరమో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. తుడిచేదాన్ని నేను గనక అడిగే హక్కు నాకుంది. అడగలేదు.

ఊపిరి గొడవ ఇంకొకటి. పెట్టెలో ఫ్లూటుకు ఛాతీ లేదు. మీట నొక్కి ఉంచినంతసేపూ పలుకుతూనే ఉంటుంది. మా ఆయన మాత్రం ఫ్లూటు వాయించేటప్పుడు తానూ ఊపిరి బిగపట్టేవారు. ఆయనకు ఊపిరి ఆడనిచోట వేలు తీసేసేవారు. మొహం నేరేడు పండు రంగుకు తిరిగేది. "ఎంత బాగా ఊదేవాడైనా ఇక్కడ గాలి పీల్చుకోవాలి కదండీ" అనేవారు. "అది కంప్యూటర్ మాస్టారూ" అంటే, "ముందు ఊదినవాడు కంప్యూటర్ కాదుగా" అనేవారు.

ఒకరోజు ఆయనకు జలుబు చేసి తన ఊపిరి మీద తనకే నమ్మకం పోయింది. నన్ను పైకి పిలిచారు.

"ఊ అని ఎంతసేపు అనగలవో అను."

"పొయ్యి మీద పాలున్నాయండీ."

"పాలు ఎక్కడికి పోతాయి? అను."

అన్నాను. ఆయన తెర మీద గీత చూసుకుంటూ, "పద్నాలుగు సెకన్లు. ఫరవాలేదు, మంచి ఊపిరే" అన్నారు. కిందికి వచ్చేసరికి పాలు ఎక్కడికి పోగలవో అక్కడికి పోయాయి. తరువాత ఆ పాట విన్నాను. ఫ్లూటు సరిగ్గా నా ఊపిరి అయిపోయినచోటే ఆగింది. పాట వివరాల్లో నా పేరు లేదు. గిన్నె అడుగున మాడు మాత్రం నాదే.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది సెలవు.

హాజరు ఉన్నప్పుడు సెలవు ఉండాలట. వారానికి ఒకటి రెండు సార్లయినా పెట్టెలో ఎవరో ఒకరు రాలేదనేవారు.

"ట్రంపెట్ సెలవండీ. నిన్నటినుంచి కడుపునొప్పి."

తొందర డైరెక్టరు నెత్తి పట్టుకునేవాడు. "ట్రంపెట్‌కి కడుపెక్కడుంది మాస్టారూ?"

"ఊదేది కడుపు బలంతోనే కదండీ."

"ఆ మీట ఒక్కసారి నొక్కండి, నేను చూస్తాను."

"జబ్బు మనిషిని లేపమంటారా?"

ఇక ఎంత బతిమాలినా నొక్కేవారు కాదు. ఆ రోజుకు బయటినుంచి మనిషిని, నిజం ట్రంపెట్ పట్టుకుని వచ్చే మనిషిని, పిలిపించాల్సిందే. గది మూల అద్దాల అరలో మైకు ముందు ఆ మనిషి నిలబడి వాయించాల్సిందే. డైరెక్టర్లు తిట్టుకునేవారు. కానీ ఆయన చేతిలో పనితనం ఉంది. పెట్టెలో వయొలిన్లను గీత గీసినట్టు ఒక్కసారే మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ఒకరు వెంట్రుకవాసి ముందు, ఒకరు వెనక, అచ్చం మనుషుల్లా వచ్చేవారు. అందుకని పిచ్చిని పనితోపాటు మోసుకుపోయేవారు.

మోయనివాళ్ళూ ఉన్నారు. ఒకసారి చాలా పెద్ద డైరెక్టరు వచ్చాడు. ఆయన కారు మా సందులో సగం ఉంది. ఆ ఒక్క పని కుదిరితే ఏడాది పొడుగునా పాటలు ఉంటాయని, విడిగా కొళాయి ఉన్న ఇంటికి మారిపోవచ్చని మా ఆయనే చెప్పారు. నేను పెళ్ళినాటి మంచి కప్పులు అల్మారాలోంచి తీశాను. పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళేసరికి హాజరు నడుస్తోంది.

"మొదటి వరసలో ఇద్దరు వయొలిన్లు రాలేదండీ. బయటినుంచి పిలవాలి."

పెద్ద డైరెక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నేను వచ్చిన రోజునే రాలేదా?" అన్నాడు.

"వాళ్ళకు మీరెవరో తెలియదు కదండీ, పెట్టెలో ఉంటారు."

కారు వెనక్కి వెళ్ళింది. దానితోపాటే మా కొత్త ఇల్లు కూడా సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నేను మంచి కప్పులు కడిగి మళ్ళీ అల్మారాలో పెట్టాను. ఎవరూ తాగని కప్పులు కడగడం కూడా నాకు అలవాటే.

ఇంకో సంగతి. ఓ పొద్దున నాకు ఒళ్ళు కాలిపోతోంది. అయినా కుర్చీలు తుడిచి వచ్చి పడుకున్నాను. మధ్యాహ్నం ఆయన కిందికి దిగి, నుదుటి మీద చెయ్యి పెట్టి, "అయ్యో, నీకూనా? చెల్లో కూడా నలతగా ఉందని సెలవు పెట్టాడు" అన్నారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. తరువాత ఆయన టీ పెట్టి తెచ్చారు. చక్కెర డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీశారు. చెల్లోకి సెలవు దొరికింది. నాకు ఉప్పు టీ దొరికింది. ఇన్నేళ్ళూ ఎవరితో అనలేదు గానీ, ఆ చెల్లో మీద నాకు సవతి మీద ఉండేంత కోపం ఉంది.

ఇక క్లారినెట్ ఆయన. సన్నగా, పొడుగ్గా, తాను ఊదే వాద్యంలాగే ఉంటారు. మాటకు ముందొక దగ్గు, మాటకు వెనకొక దగ్గు. మా ఇంటికి మూడు సందుల అవతల ఒక్కరే ఉంటారు. నన్ను చెల్లెమ్మా అంటారు. పెట్టె వాద్యాలు రాకముందు ఆయన వచ్చేదాకా పాట మొదలుపెట్టేవారు కాదట. మా ఆయనలాంటివాళ్ళు మీట నొక్కడం నేర్చుకున్నాక పిలుపులు తగ్గాయి.

ఓ వానాకాలం ఆయన ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగడం లేదని తెలిసింది. మా ఆయన సరుకుల సంచి నింపి, గుమ్మంలో పెట్టి, చప్పుడు కాకుండా వచ్చేశారు. సాయంత్రానికి ఆ సంచి మా గుమ్మంలో ఉంది. మీద ఒక చీటీ: 'మీ సంచి మర్చిపోయారు.' విప్పి చూస్తే మేం పెట్టినవన్నీ ఉన్నాయి, పైగా ఒక సబ్బు ఎక్కువుంది. ఆ సబ్బు చూసి మా ఆయన మొహం చిన్నబోయింది. తరువాత రెండు వారాలు క్లారినెట్ ఆయన దారిలో ఎదురైనా మమ్మల్ని చూసి దగ్గనైనా దగ్గలేదు. ఆ పై వారం నేను తడి మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఎడం చేత్తో కుర్చీలు తుడవడం అప్పుడే నేర్చుకున్నాను.

మా ఆయన పోయిన రోజు నేను కింద బట్టలు మడతపెడుతున్నాను. పైన ఫ్లూటు మొదలైంది. ఒకే స్వరం. సాగింది, ఇంకా సాగింది. నాకు తెలియకుండానే నేనూ ఊపిరి బిగపట్టాను. నా ఊపిరి అయిపోయింది, అది ఆగలేదు. ఆ గదిలో ఎవరినీ అంతసేపు గాలి పీల్చుకోకుండా ఊదనిచ్చే మనిషి కాదాయన. మెట్లెక్కకముందే నాకు తెలిసిపోయింది. వేలు మీట మీదే ఉంది.

ఈ సోమవారం క్లారినెట్ ఆయన వచ్చారు. గుమ్మంలో నిలబడి దగ్గారు.

"చెల్లెమ్మా, గురువారం ఒకాయన వస్తున్నాడు. క్లారినెట్ చూడ్డానికి."

"నేర్చుకోడానికా అన్నయ్యగారూ?"

"కొనుక్కోడానికి. హోటల్ గోడకు తగిలిస్తాడట. దీపం కింద అందంగా ఉంటుందన్నాడు."

"మరి మీరు?"

"నేను గోడకు బాగుండను." దగ్గారు. "ఎనిమిది నెలలైంది ఎవరైనా పిలిచి. మీ ఆయన ఉండుంటే చెప్పి ఇచ్చేవాణ్ణి. ఆయన లేరు గనక మీకు చెప్తున్నాను."

ఏదైనా అందామని నోరు తెరిచాను. సబ్బు గుర్తొచ్చి మూసుకున్నాను.

మంగళవారం మా ఆడపడుచు ఫోన్ చేసి, ఆ ఆరు కుర్చీలు అద్దె సామాన్ల కొట్టుకు ఇచ్చేసి గది ఖాళీ చెయ్యమంది. తొందర డైరెక్టరు కూడా అదే రోజు ఫోన్ చేసి, మా ఆయన పని చేసే కొత్త ప్రోగ్రామర్‌ని వెంటబెట్టుకుని మర్నాడు వస్తానన్నాడు. మా ఆయన సగంలో వదిలిన ఆఖరి పాట ఒకటి ఉంది, అది ఆ కంప్యూటర్లోనే పూర్తి చేసుకుని వెళ్తాడట. సరే, చూసి పెడదామని నెలన్నర తరువాత మెట్లెక్కాను. కీబోర్డు మీద హాజరుపట్టీ ఉంది.

నేనెప్పుడూ దాన్ని తెరిచి చూడలేదు. నా చదువు అయిదో తరగతితో సరి. వేలు పెట్టుకుని కూడబలుక్కుని చదువుతాను. అంత కష్టపడేటప్పుడు ఏదైనా పనికొచ్చేది చదువుదాం అనుకునేదాన్ని. ఆ రోజు ఆయన చేతిరాత చూడాలనిపించి తెరిచాను. పేర్లు, తారీకులు, 'హా'లు, అక్కడక్కడా 'సె'లు. చివర ఒక గడి, 'కారణం' అని. ట్రంపెట్ ఎదురుగా, కడుపునొప్పి అని డైరెక్టరుకు చెప్పిన రోజున, కడుపునొప్పి అని లేదు.

'భార్యకు కాన్పు దగ్గరపడింది. చేతిలో పని లేదు' అని ఉంది.

పెట్టెలో ట్రంపెట్‌కు భార్య ఎక్కడిది అనుకున్నాను ఒక్క క్షణం. ఆయనతో కాపురం చేసి చేసి నా బుర్ర కూడా అలా తయారైంది. తరువాత అర్థమైంది. ఆ రోజు అద్దాల అరలోకి వచ్చి వాయించిన మనిషి భార్య. ఇంకో పుట తిప్పాను. రెండో వయొలిన్ సెలవు, కారణం 'కూతుర్ని బడిలో వెయ్యాలి.' ఇంకోచోట, 'అన్నదమ్ములు వేరుపడ్డారు, మనిషి దిగాలుగా ఉన్నాడు, నలుగురిలోకి రావాలి.' నా చెయ్యి విరిగిన వారానికి వెళ్ళాను. అంతకుముందు ఎన్నడూ సెలవు పెట్టని క్లారినెట్ ఆ వారం మొదటిసారి సెలవు పెట్టాడు. కారణం గడిలో రెండే మాటలు: 'సంచి పుచ్చుకోడు.'

చేతికిస్తే పుచ్చుకోని మనిషి, మీరు రాకపోతే పాట ఆగిపోతుందంటే వస్తాడు. ఇంత తెలివి పెట్టుకుని ఇరవై రెండేళ్ళు పిచ్చివాడని అనిపించుకున్నారు. నాకైనా చెప్పొచ్చు. కూరల కొట్టులో తల ఎత్తుకునేదాన్ని.

ఆఖరి పుటలో ఆ సగం పాట పేరు ఉంది. తారీకు లేదు. వరసగా 'హా', 'హా'. క్లారినెట్ ఎదురుగా 'సె'. కారణం: 'వాద్యం అమ్మేస్తానంటున్నాడు. ఈ పాట ఆయనకే.'

బుధవారం పొద్దున ఒక్క కుర్చీ తుడిచాను. మధ్యలో వెనకగా ఉన్నది.

కొత్త ప్రోగ్రామర్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. మా ఆయన కుర్చీలో కూర్చునే ముందు నావైపు చూసి, నేను తల ఊపాక కూర్చుంది. ఆ మర్యాద నాకు నచ్చింది, అందువల్ల నేను అనాల్సిన మాట ఇంకా కష్టమైంది. పాట తెరిచి విన్నది.

"మాస్టారు అంతా చేసేశారండీ. క్లారినెట్ ఒక్కటే లేదు. అయిదు నిమిషాల్లో చేర్చేస్తాను" అని డైరెక్టరుతో అంది. చేర్చింది. వినిపించింది. నిజం చెప్పాలి, బాగుంది. బాగా లేకపోతే నాకు మాట్లాడటం సులువయ్యేది.

"ఒక్కచోట మాత్రం తప్పు దొర్లిందండీ. ఇదిగో, మిగతా వాద్యాలన్నీ ఒక్కసారిగా తగ్గిపోయి ఖాళీ వచ్చింది. మాస్టారు చూసుకోలేదేమో. క్లారినెట్ స్వరాన్ని సాగదీసి కప్పేస్తాను."

నేను టీ పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. ఆ గదిలో ఇన్నేళ్ళలో డైరెక్టర్ల ముందు నేను పలికిన మాటలు రెండు: టీ, చక్కెర చాలా. మూడో మాట కోసం పళ్ళెం కింద పెట్టాను.

"క్లారినెట్ సెలవులో ఉన్నాడమ్మా" అన్నాను.

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. తొందర డైరెక్టరు మాత్రం మెల్లగా నావైపు తిరిగాడు.

"మీరు కూడానా అమ్మా."

"ఆ ఖాళీ తప్పు కాదండీ. అక్కడ ఆయన గాలి పీల్చుకుంటారు."

"ఎవరు?"

"సెలవులో ఉన్నాయన బదులు వచ్చేవారు. మూడు సందుల అవతలే ఉంటారు. నడిచి వచ్చేస్తారు."

"సాయంత్రానికి పాట ఇచ్చెయ్యాలమ్మా నేను." గడియారం చూసుకున్నాడు. "అయినా పెట్టెలోది బాగానే ఉంది కదా. మీరూ విన్నారు."

"బాగానే ఉంది. కానీ ఒంట్లో బాలేదు."

"ఏమిటండీ జబ్బు?" అని ఆ అమ్మాయి అడిగింది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది.

"ఊపిరి అందడం లేదమ్మా."

ఆ అమ్మాయి తెర మీది ఖాళీని ఒకసారి చూసింది. సాగదీసిన స్వరాన్ని తీసేసింది. డైరెక్టరు ఆ అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు, కుర్చీలు చూశాడు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

"పిలవండి. మాస్టారు ఉన్నా ఇదే అయ్యేది" అన్నాడు.

నేనే ఫోన్ చేశాను. "అన్నయ్యగారూ, మా క్లారినెట్ సెలవు పెట్టాడు. మీరు రాకపోతే పాట ఆగిపోతుంది."

అవతల దగ్గు వినిపించింది. "వాడికి ఎప్పుడూ ఒంట్లో బాగుండదేం?"

"పెట్టెలో ఉంటాడు కదండీ. గాలి తగలదు."

"సరేలే, వస్తాను. మీరంతా ఇబ్బంది పడుతున్నారు గనక."

వచ్చారు. తుడిచిన కుర్చీ అద్దాల అరలో వేశాం. వాయించారు. ఆ ఖాళీ దగ్గరికి రాగానే మిగతా వాద్యాలన్నీ తగ్గి దారి ఇచ్చాయి. ఆయన గాలి పీల్చుకున్న చప్పుడు మైకులో వినిపించింది. ఇటు వెంట్రుకంత ఎక్కువ లేదు, అటు తక్కువ లేదు. కొలిచి కుట్టిన చొక్కాలాగా సరిపోయింది. "ఆ గాలి చప్పుడు తీసెయ్యమంటారా?" అని ఆ అమ్మాయి అడిగితే, "ఉండనీ" అన్నాడు డైరెక్టరు. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "వచ్చే వారం ఇంకో పాట ఉందమ్మా. అప్పటికైనా మీ క్లారినెట్ పనిలోకి వస్తాడా?" అని అడిగాడు.

"చెప్పలేమండీ. ఆరోగ్యం అంతంతమాత్రమే" అన్నాను.

గురువారం సాయంత్రం క్లారినెట్ ఆయన గుమ్మంలో నిలబడి దగ్గారు. "హోటలాయన వచ్చాడు చెల్లెమ్మా. ఒక పాట వాయించి వినిపించి, టీ ఇచ్చి పంపేశాను. పాపం, గోడ బోసిగానే ఉండిపోయింది." వెళ్తూ గుమ్మం పక్కన ఏదో పెట్టారు. చూస్తే సబ్బు. ఈసారి అది అవమానం కాదని ఎందుకో అర్థమైంది.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ గుడ్డ తడిపాను. మెట్లెక్కే ముందు హాజరుపట్టీ గుర్తొచ్చి, గుడ్డ బకెట్లో వదిలి పైకి వెళ్ళాను. మంగళవారం నాడు నేను సెలవు పెట్టినవాళ్ళ వరసలే చూశాను. ఇవాళ పుట కిందిదాకా చూశాను. ఢోలక్ కింద, గంటల కింద, అట్టడుగున ఇంకో వరస ఉంది. పేరు 'ఇంటావిడ.'

అన్నీ 'హా'లే. పుట తరువాత పుట, ఒక్క 'సె' లేదు. కారణం గడి మాత్రం ఖాళీగా లేదు. చెయ్యి విరిగిన వారం, 'హాజరు. ఎడం చేత్తో.' పెద్ద డైరెక్టరు వచ్చిన రోజు, 'హాజరు. మంచి కప్పులు తీసింది. ఆవిడ మొహం చూడలేకపోయాను.' పాలు పొంగిన రోజు, 'హాజరు. పద్నాలుగు సెకన్లు. నాకన్నా మంచి ఊపిరి.' జ్వరం వచ్చిన రోజు, 'హాజరు. సెలవు ఇవ్వాలి. అడగదు.' ఆఖరి పుటలో, 'సెలవులన్నీ మిగిలే ఉన్నాయి. అడిగితే చాలు.'

అడిగితే చాలట. చెల్లో అడిగిందా?

మంచి మనిషి అని తెలిస్తే కోపం పోతుందంటారు. నాకు పోలేదు. ఊరందరి కారణాలూ అడక్కుండానే తెలిసిన మనిషికి నా ఒక్కదాని కారణం అడిగితే గానీ తెలియదట. ఎదురుగా ఉంటే నాలుగు మాటలు అనేదాన్ని. ఆ నాలుగూ నా దగ్గరే ఉన్నాయి. అవి అనకుండానే కలం తీసుకున్నాను. ఇవాళ్టి తారీకు వేశాను. నా గడిలో 'సె' రాశాను. అలవాటు లేని చెయ్యి గనక కాస్త వంకరగా వచ్చింది. కారణం గడిలో 'అడిగాను' అని రాశాను.

కింద బకెట్లో గుడ్డ అలాగే ఉంది. కుర్చీల మీద నెలన్నర దుమ్ము అలాగే ఉంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి టీ పెట్టుకుని, మంచి కప్పు తీసి అందులో పోసుకుని, మళ్ళీ పైకి వచ్చి, చెల్లో కుర్చీలో ఆ దుమ్ము మీదే కూర్చుని తాగాను.